మూఢంలో మేపిన గుర్రం

మా ఇంట్లో ఒక తెల్ల ఆడగుర్రం ఉంది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. సవతికి రెండు కాళ్లే ఉండాలని ఎవరూ రాసిపెట్టలేదు కదా.

మేము ధర్మవరం ఊరి చివర ఉంటాం. మా మామ బతికున్నప్పుడు జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చాక జట్కా మూలన పడింది, మామ పోయాడు, గుర్రాల పిచ్చి మాత్రం మా ఆయనకు ఆస్తిగా దక్కింది. పెళ్లి మెరవణికి, అంటే పెళ్లికొడుకును ఊరేగించడానికి, గుర్రాన్ని బాడుగకు తోలుకుపోతాడు. దసరాకు జమ్మిచెట్టు కాడికి దేవుడి ముందర నడిపిస్తాడు. ముహూర్తాలు ఉన్నన్నాళ్లు నాలుగు డబ్బులు కళ్లజూస్తాం. లేనప్పుడు? లేనప్పుడు నేనున్నాను. కాపురానికి వచ్చిన కొత్తలోనే పక్కింటావిడ దగ్గర పట్టుచీరలు నేయడం నేర్చుకున్నాను. ముందు గదిలో మగ్గం గుంత తవ్వించుకుని, షావుకారు ఇచ్చిన పట్టు తెచ్చుకుని కూలికి నేస్తాను. గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా కిటికీలోంచి కనబడేది ఏమిటనుకున్నారు? వసారాలో కట్టేసిన గుర్రం. పొద్దస్తమానం దాని ముఖమే చూడాలి.

ఆయన దాన్ని 'అమ్మణ్ణీ' అని పిలుస్తాడు. నన్ను 'ఏమే' అంటాడు. బయటినుంచి రాగానే ముందు దాని దగ్గరికే పోతాడు. మెడ నిమురుతాడు, చెవిలో ఏదో గొణుగుతాడు, ఇనుప దువ్వెనతో ఒళ్లంతా దువ్వుతాడు. నా తలలో పూలున్నాయో పేలున్నాయో ఆ మనిషికి తెలియదు. అదీ తక్కువది కాదు. నేను ఆయన పక్కన నిలబడితే చాలు, చెవులు వెనక్కి వాల్చి పైట కొరకడానికి వస్తుంది. ఒకసారి కొత్త జాకెట్టు భుజం దగ్గర పర్రున చింపింది. "ఆటలాడతాండాది లేవే" అని ఆయన పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చీర సంగతి చెబితే నా మంట మీకే తెలుస్తుంది. ఒకసారి నేను నేసిన ముదురు ఎరుపు చీరకు నడుమ నూనె మరక పడింది. షావుకారు కూలి కోసుకుని చీరను నా మొహాన కొట్టాడు. ఏడుపు రావాల్సింది, కానీ లోలోపల నాకు సంతోషమే. ఇన్నేళ్లుగా ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లకు చీరలు నేస్తున్నాను, ఒక్కటి కూడా నా ఒంటి మీదికి రాలేదు. మరక కుచ్చిళ్లలో కలిసిపోయేట్టు కట్టుకోవచ్చులే అని మడిచి పెట్టెలో దాచుకున్నాను. నేను పుట్టింటికి పోయి వచ్చేసరికి ఆ చీర ముక్కలై, అంచుకు కుచ్చులు కుట్టించుకుని, గుర్రం వీపు మీద ఉంది. "ఎంత బాగుండాదో చూడే, దీనికోసమే నేసినట్ల ఉండాది" అన్నాడాయన. ఆ తర్వాత ఒక పెళ్లి మెరవణిలో జనమంతా ఆ జరీని మెచ్చుకుంటుంటే, నేను గుంపులో నిలబడి నా చీర కట్టుకుని అది వయ్యారంగా నడిచిపోవడం చూశాను. ఆ పెళ్లిలో నాకు భోజనం సయించలేదు.

ఈసారి దసరా, దీపావళి బాగానే గడిచాయి. బాడుగలు వచ్చాయి, వచ్చినవి వచ్చినట్టే పోయాయి. అత్తకూ అమ్మాయికీ బట్టలు తీశాం, ఇంటికి సున్నం కొట్టించాం, గుర్రానికి కొత్త కళ్లెం వచ్చింది. నాకేం వచ్చిందని అడగొద్దు. కార్తీకంలో నాలుగు పెళ్లిళ్లు జరిగాయో లేదో, మూఢం పడింది. ఆకాశంలో శుక్రుడు కనబడనన్నాళ్లు మా వైపు ఎవరూ పెళ్లి మాట ఎత్తరు. ఈసారి మూఢం మాఘాన్ని కూడా మింగేసింది. పెళ్లిళ్లు లేకపోతే గుర్రానికి పని లేదు. పెళ్లిళ్లు లేకపోతే పట్టుచీరలూ కదలవు, షావుకారు పట్టు ఇవ్వడానికి వెనకాముందాడతాడు. ఇంట్లో సంపాదించేవి రెండే, గుర్రమూ మగ్గమూ. రెండింటికీ ఒకేసారి గ్రహణం పట్టింది. కానీ గుర్రం కడుపుకు మూఢం ఉండదు కదా.

ఒక పొద్దున ఆయన చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని పొదుపు పాఠం మొదలుపెట్టాడు. టీవీ రీచార్జి వద్దన్నాడు, సరే అన్నాను. పాల ప్యాకెట్టు తగ్గించమన్నాడు. అత్తకు మాత్రం పాలకాఫీ పోసి, నేను బెల్లం వేసిన నల్లకాఫీకి అలవాటు పడ్డాను. గ్యాసు బండను మూలకు జరిపి కట్టెల పొయ్యి వెలిగించాను. నూనె, సబ్బు, అమ్మాయి ఫోను డేటా, అన్నీ సగమయ్యాయి. అన్నిటికీ తలూపి, చివరికి గడ్డంతో వసారా వైపు చూపించాను.

"మరి దానికి?"

"దానికేం తగ్గించల్ల? నోరు లేనిది."

"నోరు లేకనే అంత తింటాందా?"

ఇంటర్ చదివే మా అమ్మాయి కిసుక్కున నవ్వింది. "మ్మా, నువ్వు గుర్రం మీద జెలసీ పడతాండావు" అంది.

"పడతా. నీకేం నొప్పి?" అన్నాను.

పోరగా పోరగా ఒక్కదానికి ఒప్పుకున్నాడు. మూఢంలో తారు రోడ్డు మీద నడిచే పని లేదు కాబట్టి, అరిగిన నాడాలు పీకించి, కొత్తవి కొట్టించకుండా ఉత్త కాళ్లతో వదిలేశాడు. నాడాలు పీకిన రోజు దాని గిట్టలను ఒక్కొక్కటే తొడ మీద పెట్టుకుని ఆకురాయితో నున్నగా అరగదీశాడు. మీదనుంచి ఆముదం రాశాడు. అదే రోజు నా చెప్పు తెగింది, పిన్నీసు పెట్టుకున్నాను. పిన్నీసు గుచ్చుకుని రక్తం వస్తే గుడ్డ కట్టుకుని కుంటుతూ తిరిగాను. ఆముదం దేవుడెరుగు, ఏమే కుంటుతున్నావని అడిగిన పాపాన కూడా పోలేదు.

ఇక ఉలవలు. పొద్దున్నే పెద్ద దబరలో ఉలవలు ఉడకేసి నీళ్లు వంచుతాను. గింజలు గుర్రానికి, వంచిన కట్టు మనుషులకు. ఆ కట్టులో చింతపండు పిసికి, ఎండుమిరపకాయలు తిరగమోత పెట్టి చారు కాస్తే ఇంటికి కూరగాయల ఖర్చు లేదు. ఈ ఉపాయం నాదే. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. నాకు మాత్రం ముద్ద గొంతు దిగేది కాదు. గడప దగ్గర కూర్చుని రాగిసంగటి చారులో అద్దుకుంటూ తలెత్తితే, ఎదురుగా అది తొట్టిలో మూతి పెట్టి గింజలు కసకసా నములుతుండేది. సారం దానికి, నీళ్లు మాకు. ఆయన తింటున్న కంచం ముందునుంచి లేచి, పిడికెడు ఉప్పు తీసుకుపోయి దాని తొట్టిలో కలిపి వచ్చేవాడు. చప్పగా ఉంటే తినదట. నేను తిన్నానో లేదో ఎప్పుడైనా అడిగాడా?

అప్పుడే ఆయనకు ఇంకో ఆలోచన తట్టింది. కంబదూరు పక్క బుడ్డలు, అదే వేరుశనగ, పెరికి కాయలు వలుచుకున్నారు. ఎండిన తీగను బుడ్డల కట్టె అంటాం. దాన్ని చేలల్లోనే చౌకగా ఇస్తున్నారు. ఒకేసారి ట్రాక్టరుకు వేసుకొస్తే మూఢం దాటేదాకా మేత కొనే పని లేదు. ఆలోచన మంచిదే, కాదనను. తెచ్చి పెరట్లో ఆరుబయట వామి వేశాడు. పైన పట్ట కప్పమని నేనన్నాను.

"యాడిదే వాన? చెరువులకే దిక్కు ల్యా, నా కట్టె మీద కురుస్తాదా?" అని నవ్వాడు.

మా వైపు ఆయనే కాదు, ఎవరైనా అంతే. వాన కోసం దండాలు పెట్టడం తెలుసు గానీ వానకు జాగ్రత్త పడటం తెలియదు. ఏ ఇంట్లో చూసినా మేత ఆరుబయటే ఉంటుంది. ఆ వారమే ఎక్కడో సముద్రంలో తుపాను లేచింది, ఇక్కడ ముసురు పట్టింది. ఎడతెరిపి లేకుండా కురిసి కురిసి వదిలాక వామి విప్పితే, అడుగునా పక్కలా కట్టె నల్లగా బూజు పట్టి ఉంది. అలాంటిది తింటే గుర్రం కడుపునొప్పితో పొర్లాడి చస్తుంది. సగం పెంటలో పారబోశాం. మిగతా సగం ఎండబెట్టాం. ఇక దాన్ని చినుకు తగలని చోట పెట్టాలి. వసారాలో జల్లు కొడుతుంది. వంటింట్లో పొయ్యి, నడిమింట్లో మంచాలు. ఆయన చూపు తిరిగి తిరిగి నా మగ్గం గది మీద ఆగింది.

"మగ్గం ఇప్పేద్దాం" అన్నాడు, పాత సైకిలు అమ్మేద్దాం అన్నంత తేలిగ్గా. "మూఢమంతా ఎట్లాగూ పని ల్యా గదా. గుంత మీద పలకలేసి కట్టె పేరుద్దాం. ముహూర్తాలు మొదలైనంక మళ్లీ బిగిచ్చుకుందువు."

మగ్గం మీద పడుగు ఉంది, చీర సగం నేసి ఉంది. మధ్యలో విప్పితే పోగులన్నీ మళ్లీ ఒక్కొక్కటే అతుక్కుంటూ కూర్చోవాలి. అదైనా ఓర్చుకుంటాను. కానీ మూఢంలో షావుకారు కొద్దికొద్దిగా ఇచ్చే పట్టు, రోజూ మగ్గం ఆడే ఇళ్లకే ఇస్తాడు. ఫలానా ఇంట్లో మగ్గం విప్పారట అని చెవిన పడిందా, నా వంతు ఇంకో ఇంటికి పోతుంది, పోయింది మళ్లీ రాదు. మా వీధిలోనే అట్లా నాలుగు రోజులకని విప్పి, ఇప్పుడు కొట్లలో వేరేవాళ్లు నేసిన చీరలు మడతపెట్టే ఆడవాళ్లు ఉన్నారు. ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ గుంత ఒక్కటే. దాన్ని మూసి, దాని మీద గుర్రానికి కూడు పేరుస్తాడట!

"గుర్రాన్ని అమ్ము" అన్నాను.

"ఏమన్నావు?"

"వినబడలేదా? మగ్గమన్నా ఉండల్ల, అదన్నా ఉండల్ల. ఇద్దరం ఒక ఇంట్లో ఉండలేం."

మగ్గం పేరు చెప్పి మొదలుపెట్టి 'ఇద్దరం' అనేశానని నాకూ వినబడింది. వెనక్కి తీసుకోలేదు. ఆయన లేచి బయటికి పోయాడు. తర్వాత కొన్నాళ్లు నాతో మాటల్లేవు. దానితో మాత్రం బాగానే మాట్లాడాడు, ఇంకా ఎక్కువ మాట్లాడాడు. నేను కిటికీలోంచి వింటూ, పోగులను దగ్గరకు కొట్టే పలకను దబదబా బాదుతూ నేశాను. ఆ వారం నేసిన నేత ఎంత బిగువుగా వచ్చిందంటే షావుకారు వేలితో తడిమి చూసి మెచ్చుకున్నాడు.

చివరికి ఒక సాయంత్రం నా ముఖం చూడకుండా చెప్పాడు. "పుట్టపర్తిలో ఒకాయప్ప ఉండాడు. లాడ్జీల కాడ పిల్లోళ్లను గుర్రమెక్కిచ్చి తిప్పుతాడు. అడిగినా. ఆదివారం వస్తానన్నాడు."

గెలిచాను. ఆ పూట పాలు పోసి కాఫీ కాచుకుని తాగాను.

ఆదివారం పొద్దున మా అత్త గడప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేను పక్కన చాట పెట్టుకుని కూర్చున్నాను. అత్త తలెత్తకుండానే అడిగింది.

"గెలిచినావు గదా మే?"

"గెలిచినా అత్తా."

"నేను గూడా గెలిచినా ఒకసారి" అంది. "మీ మామకు ఎర్ర గుర్రం ఒకటి ఉండె. ఇంట్లో గింజలు లేకున్నా దానికి లోటు చేసేటోడు కాదు. నేను పోరు పెట్టి పోరు పెట్టి అమ్మిచ్చినా. ఉన్నెప్పుడు దాన్ని తిట్టేటోడు, కోపమొస్తే వాత పడేట్ల కొట్టేటోడు. అమ్మినంక అదొక దేవకన్య అయిపాయ. దాని నడక అట్లుండె, దాని కండ్లు ఇట్లుండె. తింటాన్నా అదే మాట, పండుకున్నా అదే మాట. కడాకు మంచాన పడినంక నా పేరు మర్చిపోయినాడు మే. దాని నుదుటి మీద మచ్చ మాత్రం మర్చిపోలే."

అత్త ముఖం ఎర్రబడింది. మామ పోయి ఎన్నేళ్లయిందో, ఆ గుర్రం ఏ మట్టిలో కలిసిందో. ఆవిడకు మాత్రం నిన్న జరిగినట్టే ఉంది. చేతిలో ఉన్న చింతగింజను వాకిట్లోకి విసిరికొట్టింది.

పుట్టపర్తి మనిషి గుర్రాన్ని ఎక్కించుకుపోవడానికి ట్రాలీ బండి తోలుకుని వచ్చాడు. నేను పోయి గుంతలో కూర్చుని, నేస్తూనే కిటికీలోంచి చూస్తున్నాను. అతను గుర్రం పెదవులు ఎత్తి పళ్లు చూశాడు, గిట్టలు తిప్పి చూశాడు, పక్కటెముకల మీద చెయ్యి వేసి తడిమాడు. బేరం ఎక్కువసేపు సాగలేదు. ఆ తర్వాత మా ఆయన అప్పగింతలు మొదలుపెట్టాడు.

"బ్యాండు సప్పుడుకు భయపడదన్నా, పటాకులంటేనే బెదురుతాది. కొళాయి నీళ్లకు మూతి పెట్టదు, తొట్లో పోసి రవ్వంతసేపు నిలబెట్టినంక తాగుతాది. ఎండ పొద్దు ఎక్కువైతే కుడికన్ను కారతాది, తడిగుడ్డతో తుడిస్తే సరిపోతాది. అరిస్తే పలకదు, మెల్లగా చెప్తే వింటాది."

చెబుతూనే ఉన్నాడు. నాకు గుండెలో నిప్పు పోసినట్టుంది. రేపు నన్ను ఎవరికైనా అప్పజెప్పాల్సి వస్తే ఈయన ఏం చెబుతాడు? గుంతలోంచి లేచేటప్పుడు నా మోకాలు పట్టేస్తుందని తెలుసా? ఉరుములంటే నాకు భయమని తెలుసా? అరిస్తే నేనూ పలకనే, మెల్లగా చెబితే నేనూ వింటానే!

అతను గుర్రం వీపు తట్టి అన్నాడు. "ఈ మూఢంలో నేను చూసిన గుర్రాలన్నీ ఎముకలు తేలి ఉండాయన్నా. ఇదేమి ఇట్ల నిగనిగలాడతాండాది? దుడ్లు బాగా పెట్టినట్లుండావే."

"నా కాడ యాడివన్నా దుడ్లు?" అన్నాడు మా ఆయన. "నేను పట్టుకోని తిరిగేటోన్ని, అంతే. మేపింది మా ఇంటామె. ఆమె గుంతలో కాళ్లు ఆడిస్తేనే దీని తొట్టి నిండేది. ఇన్నేండ్లూ అంతే. ఆమె ల్యాకుంటే ఇదీ ల్యా, నేనూ ల్యా."

నా కాళ్లు ఆగిపోయాయి. ఈ మాట కోసం ఎన్నేళ్లుగా చెవులు రిక్కించుకుని ఉన్నాను! పండగలకు అనలేదు, నేను జ్వరంతో నేసిన రోజుల్లో అనలేదు, మగ్గం ఇప్పేద్దామన్న రోజు అసలే అనలేదు. ఎవరో దారినపోయే మనిషికి, గుర్రం తాడు చేతికిస్తూ అప్పనంగా చెప్పేశాడు. ఆ పుట్టపర్తి మనిషి మీద కూడా నాకు కుళ్లు పుట్టింది. మోకాలు పట్టేస్తున్నా గుంతలోంచి లేచి వసారాలోకి పోయాను.

"ఇప్పుడేమన్నావో ఇంకోసారి అను."

"వినబడింది గదే."

"ఆయన్నకు చెప్పినావు. నాకు చెప్పు."

ఆయన గుర్రం జూలులో వేళ్లు పెట్టుకుని నిలబడ్డాడు. "నువ్వే మేపినావు" అన్నాడు చివరికి.

"మేపింది నేనైతే గుర్రం ఎవురిది?"

వచ్చినతను జేబులో పెట్టిన చెయ్యి జేబులోనే ఉంచుకుని మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"నీదే" అన్నాడు మా ఆయన.

"మరి నన్నడక్కుండా ఎట్ల అమ్ముతాండావు?"

"నువ్వే గదే అమ్మమంటివి!"

"అన్నా. ఇప్పుడొద్దంటాండా. నా గుర్రం, నా ఇష్టం. పోయి కట్టె నడిమింట్లో పేర్చు. మంచాలు తీసేస్తే పోతాది, కట్టె మీదే చాపలేసుకోని పండుకుందాం. నా మగ్గం మీద ఎవురి చెయ్యన్నా పడిందో, అప్పుడు నిన్ను అమ్ముతా."

"ఏందన్నా ఇది, ఊరికే పెట్రోలు దండుగ" అని సణుక్కుంటూ పుట్టపర్తి మనిషి బండి తిప్పుకున్నాడు. కాఫీ తాగి పొమ్మన్నా ఆగలేదు.

వీధి వీధంతా నాది జాలిగుండె అన్నారు. మూగజీవాన్ని బయటికి పంపలేకపోయిందట, పాపం. జాలీ లేదు, గీలీ లేదు. అత్త చెప్పిన ఎర్ర గుర్రం నా కళ్లలో ఆడింది, అంతే. ఈ తెల్లది ఇంట్లో ఉంటే ముసలిదవుతుంది, పళ్లు అరుగుతాయి, వాకిలంతా లద్దె వేస్తుంది, ఆయన చేతే తిట్లు తింటుంది. అమ్మేస్తే ఇక దానికేమీ కాదు. ఆయన కళ్లు మూసేదాకా ఇట్లాగే తెల్లగా, నిగనిగలాడుతూ ఉండిపోతుంది. కళ్ల ముందున్నదానితో అయితే రోజూ కొట్లాడగలను. ఆయన తలలో తిరిగేదాన్ని ఎక్కడ పట్టుకుని కొట్టను?

ఆయన మాత్రం వేరేగా అనుకున్నాడు. బండి చప్పుడు దూరమయ్యాక మెల్లగా వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకోసం ఇంత చేస్తావనుకోలే" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పెళ్లయినప్పటినుంచి నా వల్ల ఆ కళ్లు తడవడం అదే మొదలు. నేను ఎందుకు చేశానో చెప్పాలనిపించలేదు. ఆయన వెనకాల అది తాడు గుంజుతూ, కాలితో నేల తన్నుతూ, మా వైపే చూస్తోంది. చూడనీ బాగా అని, ఆయన చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.